బర్రెకు పెట్టిన దావత్

మొన్న మా గల్లీలో కొత్తగా కట్టిన ఇంటికి గృహప్రవేశం అయింది. మర్నాడు పొద్దున్నే ఆ ఇంటి కోడలు మిగిలిన బగారా అన్నాన్ని పెద్ద ప్లాస్టిక్ టబ్బు నిండా తెచ్చి రోడ్డు మీద పెట్టింది. ఎక్కడివో రెండు ఆవులు వచ్చి మూతులు ముంచాయి. పాల ప్యాకెట్ కోసం వెళ్లి వస్తున్నదాన్ని, అక్కడే ఆగిపోయాను.

"అమ్మా, ఆ టబ్బు లోపల పెట్టు. అంత అన్నం తింటే ఆవులు ఆగం అయితయ్" అన్నాను.

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "అన్నమే గదా ఆంటీ? ఆవుకు పెడితే పుణ్యం గని పాపమెట్లయితది?"

"పుణ్యం నీకొస్తది, కడుపునొప్పి దానికొస్తది."

"మా అత్తమ్మ ఎప్పట్నుంచో పెడ్తది. ఒక్కసారి గూడ ఏం కాలే."

ఏం కాలేదని ఈమెకు ఎట్లా తెలుసు? తిన్న ఆవు ఏ సందులో కూలబడిందో ఎప్పుడైనా వెనక వెళ్లి చూసిందా? అడిగి లాభం లేదని నేనే వంగి టబ్బు పక్కకు గుంజాను. డెబ్బై దాటిన చేతులు, జారిపోయింది. సగం అన్నం మోరీలో పడింది. అప్పుడు ఆ అత్తగారు కూడా బయటికి వచ్చింది. అన్నాన్ని మోరీ పాలు చేసిన ముసలిదాన్ని నేనే అయ్యాను. ఇంటికి వస్తే నా బిడ్డ కూడా, "నీకెందుకమ్మా గల్లీ పంచాయితీలు?" అని విసుక్కుంది.

ఎందుకో చెబుతాను. పుణ్యమనుకుని, ప్రేమనుకుని నోరులేని జీవాన్ని ఎట్లా చావు దాకా తీసుకుపోవచ్చో మా ఇంట్లోనే చూశాను. చూడటమే కాదు, అందులో నాకూ ఒక వంతు ఉంది.

అప్పుడు నాకు పదేళ్లుంటాయి. మాది బోధన్ పక్క పల్లె. ఎటు చూసినా చెరుకే. చెరుకు కొట్టే కాలం వచ్చిందంటే గాలి చక్కెర ఫ్యాక్టరీ వైపు నుంచి తిరిగేది. ఆ గాలిలో మాడిన బెల్లం వాసన, దాని వెనకే ఏదో పులిసిన వాసన. ఉతికిన బట్టలకూ అదే వాసన, తలవెంట్రుకలకూ అదే వాసన. ఫ్యాక్టరీ కూత విని అమ్మ పొయ్యి ముట్టించేది. చెరుకు బండ్లు బారులు తీరి పోతుంటే మేము ఆడపిల్లలం వెనక నుంచి ఉరికి గడలు గుంజేవాళ్లం. బండి మీద మనిషి చర్నాకోల గాలిలో తిప్పేవాడు, అది ఎప్పుడూ మాకు తగిలేది కాదు. గడ పళ్లతో చీల్చి చీల్చి పెదవుల మూలలు కోసుకుపోయేవి. మజ్జిగ తాగితే చుర్రున మండేది. ఆ మంటతోనే మా దొంగతనం అమ్మకు తెలిసిపోయేది.

ఇంట్లో బాపు, అమ్మ, నేను, ఏడాది నిండిన తమ్ముడు, అవ్వ. అవ్వ అంటే బాపును కన్నతల్లి. ఆమె పుట్టిల్లు కమ్మర్‌పల్లి దిక్కు. అది మక్కల సీమ, మొక్కజొన్నే పంట. పొద్దున మక్క నూక ఉడికించిన గట్క, మాపటికి అదే గట్క. వరి బువ్వ పండుగకే. కాలువ నీళ్లు పారే మా ఊరికి కోడలై వచ్చాక కూడా, బువ్వ కంచంలో పడగానే ఆమె ఒక్క క్షణం చూసి గాని చేయి పెట్టేది కాదు. కిందపడ్డ మెతుకును తీసి కళ్లకద్దుకుని నోట్లో వేసుకునేది. ఇంట్లో ఎవరైనా కంచంలో మెతుకు వదిలితే, "ఆకలంటే ఎరుకలేని పుట్టుక" అని ఆ పూటంతా సాధించేది.

మా ఇంటి పెద్దదిక్కు అవ్వ అయితే, ముద్దుబిడ్డ సుక్కబర్రె. నుదుట తెల్లటి సుక్క ఉండేది. అప్పుడది చూడితో ఉంది, ఇంకో నెలలో ఈనుతుంది. ఆ ఈత మీద ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక్కో ఆశ. తమ్ముడికి పాలొస్తాయని అమ్మ. నెయ్యి అమ్ముకోవచ్చని అవ్వ. ఆడదుడ్డె పుడితే దాన్నీ పెంచుకోవచ్చని బాపు. నాకైతే జున్ను. ముర్రుపాలలో బెల్లం, యాలకులు వేసి అవ్వ వండే జున్ను వాసన తలచుకుంటే నిద్రలో కూడా నోరూరేది.

ఆ నెలలోనే తమ్ముడి పుట్టువెంట్రుకలు లింబాద్రి గుట్ట మీద తీయించి, ఇంటికి వచ్చి దావత్ పెట్టారు. భీమ్‌గల్ నుంచి అమ్మ తరఫు చుట్టాలు అరవై మంది వస్తామన్నారు. బాపు అంతమందికీ వండించాడు. వాళ్లెక్కిన లారీ ఆర్మూర్ దగ్గర చెడిపోయి ఆగింది. అందులో సగం మంది అటు నుంచి అటే ఇళ్లకు వెళ్లిపోయారు, మిగతావాళ్లు వచ్చేసరికి ఆకలి చచ్చి పిడికెడు తిన్నారు. గంగాళాల నిండా బువ్వ మిగిలిపోయింది. ఊరంతా పంచినా ఒక గంగాళం మిగిలింది.

మర్నాడు సుక్కబర్రె మీదే ఇంటిల్లిపాది ధ్యాస. కాని ఎవరూ ఎవరితోనూ ఏమీ అనుకోలేదు. మా ఇంట్లో ఆ రోజు జరిగిందంతా ఆ అనుకోకపోవడం వల్లే.

పొద్దున అమ్మ మిగిలిన బూంది పొడి, గంజి కలిపి కుడితి గోలెంలో పోసింది. చూడి బర్రె కదా, బలమని. ఎవరికీ చెప్పలేదు.

పగటిపూట నేను. చిక్కటి మేత పెడితే జున్ను గట్టిగా వస్తుందని పక్కింటి పిల్ల చెప్పింది. గట్క కోసం పట్టించి పెట్టిన మక్క నూక వడ్ల గుమ్మి పక్కన ఉంది. గంపెడు ఎత్తుకుపోయి గోలెంలో పోశాను. సుక్కబర్రె ముక్కుతో బుస్సుమని ఊది గబగబా నాకుతుంటే, జున్ను అప్పటికే గడ్డ కడుతున్నట్టు సంబరపడ్డాను. నేనూ ఎవరికీ చెప్పలేదు. నూక దొంగిలించినందుకు దెబ్బలు పడతాయని.

తరువాత అవ్వ. బువ్వ పారేయడానికి ఆమెకు చేతులు రావు. రెండు గంపల బువ్వ తెచ్చి పోసింది.

సాయంత్రం బాపు. ఫ్యాక్టరీ దగ్గర తెలిసినవాళ్లిచ్చారని కుండెడు మడ్డి తెచ్చాడు. చక్కెర తీశాక మిగిలే నల్లటి పాకం అది. రోజూ గడ్డి మీద దోసెడు చల్లితే బర్రె ఇష్టంగా తింటుంది. ఆ రోజు కొడుకు దావత్ సంతోషంలో కుండ మొత్తం వంచేశాడు.

తెల్లవారేసరికి సుక్కబర్రె గడ్డి ముట్టలేదు. నెమరు లేదు. కట్టుగొయ్య పక్కన తూలుతూ నిలబడి పళ్లు కరకరా కొరుకుతోంది. ఎడమ డొక్క ఉబ్బి డోలులాగా ఉంది. కాసేపటికి ముందుకాళ్లు మడిచి పడిపోయింది. మెడ వెనక్కి తిప్పి తల డొక్క మీద పెట్టుకుంది. కళ్లు గుంటలు పడ్డాయి. వెనక నుంచి బూడిదరంగు నీళ్లలా పేడ కారుతోంది. కొట్టం నిండా పుల్లటి వాసన.

"దిష్టి తాకింది. మొన్న దావత్‌కు వచ్చినోళ్లల్ల ఎవ్వల కండ్లో పడ్డయ్" అంది అవ్వ. మిరపకాయలు, ఉప్పు తిప్పి పొయ్యిలో వేసింది. మిరపకాయల ఘాటుకు మాకు దగ్గొచ్చింది గాని బర్రె లేవలేదు.

పక్కింటి పెద్దబాపు వచ్చి చూసి, "పాము ముట్టింది" అన్నాడు. డొక్క తట్టి, "కాదు, గాలి జొచ్చింది. వాత పెడితే లేస్తది" అని తనే తేల్చేశాడు. కొడవలి తెచ్చి మా పొయ్యిలోనే ఎర్రగా కాల్చసాగాడు.

బాపుకు వాతల మీద నమ్మకం లేదు. అప్పటికే సైకిలెక్కి బోధన్ పశువుల దవాఖానకు పోయాడు. మధ్యాహ్నానికి కంపౌండర్ సాబ్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, తెల్ల గడ్డంతో ఉండే ముసలాయన. సైకిల్ హ్యాండిల్‌కు తోలు సంచి, ఒంటి మీద ఫినాయిల్ వాసన. కొట్టంలో అడుగు పెట్టగానే ఆయన కన్ను మొదట కొడవలి మీద పడింది.

"గదెందుకు?"

"వాత పెడ్తందుకు సాబ్" అన్నాడు పెద్దబాపు.

"దాని కడుపుల అగ్గి మండుతుంటే పైనకెళ్లి ఇంకో అగ్గి పెడ్తవా? పోయి నీ చెరుకు కొట్టుకో భాయ్, గది గక్కడ పనికొస్తది."

పెద్దబాపు అలిగి గోడ పక్కకు జరిగాడు గాని పోలేదు. కంపౌండర్ సాబ్ బర్రె పక్కన గొంతుక్కూర్చుని, ఎడమ డొక్కకు చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. తరువాత పిడికిలితో డొక్కను నొక్కి వదిలాడు. లోపల నీళ్లకుండ కదిలినట్టు గుడగుడమని చప్పుడైంది.

"ఏం పెట్టిండ్రు?"

"గడ్డే సాబ్" అంది అవ్వ.

"ఒట్టి గడ్డేనా?"

"రోజూ పెట్టేదే" అన్నాడు బాపు.

"నువ్వేమమ్మా?" అని అమ్మను అడిగాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. నేను గుంజ వెనక్కి జరిగాను.

ఆయన లేచి, కారిన పేడను అరచేతిలోకి తీసుకుని వాసన చూశాడు. ఆ చేతిని తెచ్చి బాపు ముక్కు కింద పెట్టాడు. బాపు మొహం తిప్పుకున్నాడు.

"గడ్డి తిన్న పేడ గిట్ల సిర్కా లెక్క పుల్లగ వాసనొస్తదా? సూడు, ఇగో మెతుకులు. ఇగో మక్క తునకలు. మీకన్న గీ బర్రె నయం, గిది అబద్ధం ఆడ్తలేదు. ఎంత తిన్నదో చెప్తే దవా ఎంతియ్యాల్నో తెలుస్తది. చెప్పకుంటే మాపటికి తోలు ఒలిచేటోణ్ని పిలుసుకోండ్రి. నాకేం?"

అప్పుడు అవ్వ నోరు విప్పింది. "మిగిలిన బువ్వ సాబ్... రెండు గంపలు."

బాపు ఉలిక్కిపడ్డాడు. "రెండు గంపలా? నీకేమన్న తెలివి ఉన్నదా అవ్వా? నేను గండ్లనే కుండెడు మడ్డి పోస్తి!"

"అయ్యో, నేను పొద్దుగాలనే బూంది, గంజి పోసిన" అంది అమ్మ, ఏడుపు గొంతుతో.

కంపౌండర్ సాబ్ నుదురు కొట్టుకున్నాడు. "యా అల్లా! ఒక్క ఇంట్ల ముగ్గురు, ఒక్కరితోని ఒక్కరు మాట్లాడుకోరా? మక్కలెవరు పెట్టిండ్రు?"

నేను గుంజకు ఇంకా గట్టిగా అతుక్కున్నాను.

"గవి గూడ నేనే" అంది అవ్వ.

ముసలిది ఏది పోసిందో మరిచిపోయి నా తప్పు కూడా తన లెక్కలో వేసుకుందనుకున్నాను. బతికిపోయానని ఊపిరి వదిలాను. ఇప్పటికీ ఆ ఊపిరి తలచుకుంటే నా మీద నాకే చిరాకు.

కంపౌండర్ సాబ్ చొక్కా చేతులు మడిచాడు. "ఊళ్లె ఎవరి దగ్గర తినే సోడా ఉంటె అంత పట్టుకరా పో బిడ్డా" అన్నాడు నాతో. ఉరికాను. కిరాణా దుకాణంలో డబ్బా, మిర్చీలు వేసే ముసలమ్మ దగ్గర పొట్లం, అన్నీ పోగు చేసి తెచ్చాను. దాన్ని నీళ్లలో కలిపి, బర్రె తల మరీ పైకెత్తకుండా పట్టుకుని, వెదురు బొంగుతో కొద్దికొద్దిగా తాగించాడు. తొందరపడి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని ప్రతి గుక్కకూ ఆగాడు. కొట్టం దూలానికి సెలైన్ సీసాలు కట్టి మెడ నరంలో సూది పెట్టాడు. చేతులు పని చేస్తున్నంతసేపూ నోరు తిడుతూనే ఉంది.

"బర్రె పొట్టల కంటికి కనపడని పురుగులుంటయమ్మా. గడ్డిని నానబెట్టి, పులియబెట్టి అరిగించేది గవ్వే. గడ్డి తింటె నిమ్మళంగ పని చేస్తయ్. బువ్వ, మక్కలు, మడ్డి ఒక్కపారి పోస్తే గవి పిచ్చి లేసినట్టు పులియబెడ్తయ్. మీ అంబలి కుండ ఎక్కువ పులిస్తే పొంగుతది గదా? గట్లనే. కడుపంత సిర్కా అయితది. గా సిర్కా నెత్తురుల కలుస్తది. ఇగ జీవం నిలుస్తదా?"

"బువ్వ ఇసమెట్లయితది సాబ్?" అంది అవ్వ. ఆమె గొంతులో వాదన లేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. "నేను బువ్వకు ఏడ్సి ఏడ్సి పెరిగిన. దానికి మంచిది పెడ్దామనే గద పెట్టిన."

కంపౌండర్ సాబ్ ఆ ఒక్కసారి తిట్టలేదు. "నీకు మంచిది దానికి మంచిది గాదవ్వా. దానికి గడ్డే బిర్యానీ" అన్నాడు.

తరువాత ఒక వింత పని చెప్పాడు. పెద్దబాపు ఎద్దు బయట చింతచెట్టు కింద పడుకుని తీరిగ్గా నెమరు వేస్తోంది. "గా ఎద్దు నోట్లకెళ్లి నెమరు ముద్ద కావాలె. మంచి పురుగులు దాంట్ల ఉంటయ్. పెద్ద చేయి పట్టది, గీ పోరి చేయి పడ్తది" అన్నాడు. అలిగిన పెద్దబాపు అలక మరిచి తన ఎద్దు దవడ పట్టి నోరు తెరిచాడు. నేను కళ్లు మూసుకుని చేయి లోపల పెట్టాను. వెచ్చగా, గరుగ్గా నాలుక. దాని మీద పచ్చటి మెత్తటి ముద్ద. వానకు తడిసిన గడ్డివాము వాసన. లాక్కుని వచ్చేశాను. అట్లా నాలుగైదు ముద్దలు. ఎద్దు ప్రతిసారీ, నా నోటికాడిది ఎవరు గుంజారన్నట్టు చూసేది. ఆ ముద్దలు గోరువెచ్చటి నీళ్లలో పిసికి, వడకట్టి సుక్కబర్రెకు తాగించారు. మా ఇంట్లో నేను చేసిన పనుల్లో మొదటిసారి పనికొచ్చిన పని అదే అనిపించింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి అవ్వ కొట్టంలోనే కూర్చుని ఉంది. చేయెత్తి చప్పుడు చేయొద్దని సైగ చేసింది. సుక్కబర్రె దవడ ఒకసారి ఆడింది. ఆగింది. మళ్లీ ఆడింది. నెమరు. అవ్వ కళ్ల వెంట నీళ్లు జారాయి.

అంతటితో అయిపోతే బాగుండేది. పదో రోజు సుక్కబర్రె నెలలు నిండకుండానే ఈనింది. ఆడదుడ్డె. చచ్చి పుట్టింది. దాని నుదుట కూడా తెల్ల సుక్క. తల్లి దాన్ని నాకుతూనే ఉంది, లేస్తుందేమోనని మూతితో నెడుతూనే ఉంది. బాపు దాన్ని గోనెసంచిలో చుట్టి చెలక గట్టుకు తీసుకుపోయాడు. ముర్రుపాలు కొన్ని వచ్చాయి గాని ఎవరికీ వండబుద్ధి కాలేదు. తరువాత సుక్కబర్రె గిట్టలు వాచి, పొడుగ్గా పెరిగి, బతికినన్నాళ్లూ కుంటింది. పులుపు గిట్టల దాకా దిగుతుందని కంపౌండర్ సాబ్ ముందే చెప్పాడు. ఆయన నాలుగైదు సార్లు వచ్చి గిట్టలు చెక్కి పోయాడు, వచ్చిన ప్రతిసారీ తిట్టి పోయాడు.

బాపు నెల రోజులు అవ్వతో మాట్లాడలేదు. మాట్లాడలేదంటే, ఆమె వినేటట్టు గోడతో మాట్లాడాడు. "ఈ ఇంట్ల మెతుక్కున్న ఇలువ జీవానికి లేదు" అనేవాడు. అవ్వ తలవంచుకుని వినేది. మిగిలిన బువ్వంతా మిద్దె మీద ఎండబెట్టి, ఎవరినీ ముట్టనీయకుండా నానబెట్టుకుని తనే తినేది. నేను మాత్రం ఇద్దరి మధ్యా నోరు మూసుకుని తిరిగాను.

వానాకాలం వచ్చాక ఒకరోజు గట్క కలుపుతూ అవ్వ ఒంటరిగా దొరికింది. "అవ్వా, గా మక్కలు పోసింది నువ్వు గాదు, నేను" అన్నాను.

"ఎరుకే" అంది, గరిటె ఆపకుండా.

"ఎట్లెరుక?"

"నేను బువ్వ గంప తెస్తుంటే నువ్వు ఒట్టి గంప పట్టుకొని ఉరికినవ్. గోలెంల మక్కలు కనపడ్డయ్."

"కనపడితె మళ్ల బువ్వెందుకు పోసినవే?"

అవ్వ నా వైపు, ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "బువ్వ ఖరాబైతుండె గదనే."

ఒళ్లు మండిపోయింది. ఆ జవాబు విని ఏడవాలో నవ్వాలో తెలియక గట్క తినకుండా లేచిపోయాను. దానికీ తిట్లు పడ్డాయి.

చాలా ఏళ్ల తరువాత అవ్వ పోయింది. దినాలకు పుట్టింటికి వచ్చాను. అప్పటికి సుక్కబర్రె లేదు, కొట్టం కూడా లేదు. చుట్టాలు వెళ్లాక బాపు, నేను అరుగు మీద కూర్చున్నాం. అప్పుడు చెప్పాను, మక్కలు పోసింది నేనని, అవ్వ నా తప్పు మీదేసుకుందని. బాపు కోప్పడతాడనుకున్నాను. తువ్వాల అంచు మడిచాడు.

"నేను మడ్డి పోసేటప్పుడు గోలెంల బువ్వ ఉండె బిడ్డా. సూసిన."

"చూసినవా? చూసి గూడ పోసినవా?"

"దోసెడు బువ్వేమో అనుకున్న. మడ్డి పోస్తే ఇంకింత ఇష్టంగ తింటదనుకున్న."

"మరి నెల రోజులు అవ్వనెందుకు తిట్టినవ్ బాపూ?" గొంతు పెరిగింది. ఆపుకోలేకపోయాను.

"ఎవ్వలనన్న తిట్టకుంటే గా దుడ్డె దుఃఖం యాడ పెట్టుకోవాల్నే?" అన్నాడు.

గోలెంలో బువ్వ చూశానన్న ఆ ఒక్క ముక్క అవ్వ బతికుండగా అవ్వతో అంటే నీ సొమ్మేం పోయేదని అడగబోయాను. అడగలేకపోయాను. మక్కల మాట ఆమె బతికుండగా ఆయనకు నేను మాత్రం ఎక్కడ చెప్పాను?